ఇన్‌వార్డ్ నంబరు వేయించుకున్నారా?

(ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయం పరీక్షల విభాగంలో 31 ఏళ్ళు పనిచేసి సూపరింటెండెంటుగా రిటైరైన రచయిత్రి, పాఠకుల ఉత్తరాలకు జవాబులిచ్చే శీర్షిక ఇది. ఉత్తరాలు రాసినవారి పేర్లు, కాలేజీల పేర్లు తీసేశాం.)

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పిల్లలవే. మార్కులు, సర్టిఫికెట్లు, డిటెన్షన్లు, మాల్‌ప్రాక్టీస్ కేసులు. అన్నీ ఒక దగ్గర పెట్టుకుని చదివితే ఒక సంగతి కనిపించింది. ప్రతి ఒక్కరూ ఎవరో ఒకర్ని కలిశారు, అడిగారు, బతిమాలారు. తేదీ వేసి కాగితం రాసిచ్చినవాళ్ళు మాత్రం ఇద్దరే. అందుకే ఈసారి కొన్ని ఉత్తరాలకు కాస్త వివరంగా రాస్తున్నాను.

ప్రశ్న: మేడమ్ గారూ, మాది పల్నాడు జిల్లా. బీఎస్సీ ఆఖరి సంవత్సరం. ఐదో సెమిస్టర్‌లో కెమిస్ట్రీ పరీక్ష మూడు గంటలూ కూర్చుని రాశాను. ఫలితాల్లో ఆబ్సెంట్ అని వచ్చింది. కాలేజీలో అడిగితే యూనివర్సిటీకి వెళ్ళమన్నారు. నాన్నా నేనూ బస్సెక్కి వెళ్తే అక్కడ సెక్షన్‌లో మీ కాలేజీ నుంచి లెటర్ తెమ్మన్నారు. కాలేజీలో మళ్ళీ అడిగితే ఫోన్ చేసి చెప్పాంలే అంటున్నారు. నాలుగు నెలలైంది. సప్లీ రాసేస్తే పోతుంది కదా అంటున్నారు అందరూ. రాసేయమంటారా?

జవాబు: అమ్మా, సప్లీ ఫీజు గడువు దగ్గర పడితే కట్టెయ్. ఏడాది పోకుండా అది నీకు కాపు. కానీ ఫిర్యాదు మానొద్దు. రెండూ ఒకేసారి నడుస్తాయి. సప్లీకి ఫీజు కట్టినంత మాత్రాన మొదటి పరీక్ష రాయలేదని ఒప్పుకున్నట్టు కాదు. ఆ మాట కూడా ఉత్తరంలో రాసి పెట్టు.

రాసిన పిల్లకి ఆబ్సెంట్ ఎలా పడుతుందో చెప్తాను, ఎక్కడ వెతకమనాలో నీకు తెలుస్తుంది. పరీక్ష హాల్లో నీ చేత సంతకం పెట్టించుకునే షీటుని చాలా యూనివర్సిటీల్లో డి-ఫారం అంటారు. రాని వాళ్ళని అందులో గుర్తు పెడతారు. పక్క నంబరుకి పెట్టాల్సిన గుర్తు నీ నంబరుకి పడి ఉండొచ్చు. అది మొదటి చోటు. జవాబు పుస్తకం మీది బార్‌కోడ్ భాగం సరిగ్గా స్కాన్ కాక నీ నంబరుతో ముడిపడకపోయి ఉండొచ్చు. అది రెండోది. నీ పుస్తకం వేరే సబ్జెక్టు కట్టలోనో, వేరే సెంటర్ కట్టలోనో కలిసిపోయి ఉండొచ్చు. అది మూడోది. నా అనుభవంలో నూటికి తొంభై ఈ మూడే. వెతకాలనుకుంటే ఒక పూట పని. వెతకమని చెప్పే కాగితం సెక్షన్‌లో ఎవరి బల్ల మీదా లేకపోతే ఎవరూ వెతకరు.

2003లో మా సెక్షన్‌కి ఒక ఆర్టీసీ కండక్టరు గారు వచ్చారు. ఖాకీ బట్టల్లోనే, డ్యూటీ దిగి నేరుగా వచ్చారు. వాళ్ళమ్మాయికీ ఇదే కథ. మా వాళ్ళు అప్పటికి రెండుసార్లు 'అలాంటి దరఖాస్తేమీ మాకు రాలేదు' అని చెప్పి పంపేశారు. మూడోసారి ఆయన స్వీటు షాపు ప్లాస్టిక్ కవరొకటి తీశారు. అందులో దరఖాస్తు జిరాక్సు కాపీ. దాని మీద మా ఆఫీసు గుండ్రటి ముద్ర, ఇన్‌వార్డ్ నంబరు (అందిన కాగితానికి ఆఫీసు వేసే వరస నంబరు), తేదీ, తపాలు గుమస్తా పొట్టి సంతకం. నేను ఇన్‌వార్డ్ రిజిస్టరు తెప్పించి ఆ తేదీ పేజీ తీశాను. ఉంది. ఆ దరఖాస్తు ఎవరికి మార్క్ అయిందో పక్క గడిలో ఉంది. రాలేదని చెప్పిన మనిషి సంతకమే అది. సాయంత్రానికల్లా కట్టలు విప్పారు. ఆ అమ్మాయి జవాబు పుస్తకం పక్క సెంటర్ వాళ్ళ కట్టలో దొరికింది. ఆమెకి వచ్చినవి 61 మార్కులు. ఆ కండక్టరు గారికి ముద్ర వేయించుకోమని ఎవరు చెప్పారో నేను అడగలేదు. ఆ ముద్రే లేకపోతే ఆ పిల్ల ఆ పరీక్ష రాయనట్టే మా రికార్డుల్లో మిగిలిపోయేది. ఆ రోజు నాకు కలిగిన సిగ్గు ఇంకా గుర్తుంది.

అందుకని రేపే ఇలా రాయి. పెద్ద పెద్ద మాటలేవీ అక్కర్లేదు.

'పరీక్షల నియంత్రణాధికారి గారికి, ద్వారా: ప్రిన్సిపాల్ గారు. విషయం: ఐదో సెమిస్టర్ కెమిస్ట్రీ పేపర్‌లో ఆబ్సెంట్‌గా చూపడం, సవరణ కోరుతూ. అయ్యా, నా హాల్ టికెట్ నంబరు ఫలానా. ఫలానా తేదీన, ఫలానా సెంటర్‌లో, ఫలానా గదిలో ఈ పరీక్ష రాశాను. హాజరు పత్రంలో సంతకం చేశాను. ఫలితాల్లో ఆబ్సెంట్ అని వచ్చింది. నా డి-ఫారం, జవాబు పత్రం పరిశీలించి ఫలితం ప్రకటించగోరుతున్నాను. ముందుజాగ్రత్తగా సప్లిమెంటరీకి ఫీజు కడుతున్నాను, దాన్ని ఈ ఫిర్యాదు వదులుకున్నట్టుగా భావించవద్దని మనవి. జతపరిచినవి: హాల్ టికెట్, ఫలితం ప్రింటు.'

రెండు ప్రతులు తీసుకెళ్ళు. ఒకటి కాలేజీ ఆఫీసులో ఇచ్చి, రెండోదాని మీద ముద్ర, తేదీ, నంబరు వేయించుకో. వేయమంటే గొణుగుతారు. నిలబడు. అదే ఉత్తరం పైన 'అడ్వాన్స్ కాపీ' అని రాసి నేరుగా యూనివర్సిటీకి స్పీడ్ పోస్టులో పంపు. త్రూ ప్రాపర్ ఛానెల్, అంటే ప్రిన్సిపాల్ ద్వారా, రాలేదని తిప్పి పంపే అవకాశం అప్పుడు వాళ్ళకి ఉండదు. పోస్టాఫీసు రసీదు హాల్ టికెట్‌తో కలిపి పిన్ను కొట్టి దాచు.

రెండు వారాల్లో కదలిక లేకపోతే విద్యార్థి ఫిర్యాదుల పరిష్కార కమిటీకి రాయి. 2023 ఏప్రిల్‌లో యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) తెచ్చిన నిబంధనల ప్రకారం ప్రతి ఉన్నత విద్యాసంస్థలో ఇది ఉండాలి. ఎస్‌జీఆర్‌సీ అంటారు. ఒక ప్రొఫెసర్ అధ్యక్షులుగా, నలుగురు సీనియర్ అధ్యాపకులు సభ్యులుగా ఉంటారు. ఒక విద్యార్థిని ప్రత్యేక ఆహ్వానితుడిగా పిలుస్తారు. వాళ్ళలో కనీసం ఒక మహిళ, కనీసం ఒకరు ఎస్సీ, ఎస్టీ లేదా ఓబీసీ వర్గాలవారు ఉండి తీరాలి. ఫిర్యాదు అందాక 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలన్నది లెక్క, ఆ నివేదిక ప్రతి నీకూ రావాలి. విచారణకి నువ్వే వెళ్ళొచ్చు, లేదా నీ తరఫున ఒకరిని పంపొచ్చు. మీ నాన్నగారికి వీలైతే ఆయన్నే పంపు.

కమిటీ నిర్ణయం నచ్చకపోతే 15 రోజుల్లో అంబుడ్స్‌పర్సన్‌కి అప్పీలు. యూనివర్సిటీ నియమించే పదవే గానీ రిటైరైన వైస్ ఛాన్సలరో, ప్రొఫెసరో, మాజీ జిల్లా జడ్జో ఉంటారు. అప్పీలు అందాక 30 రోజుల్లో తేల్చే ప్రయత్నం చేయాలి. కింది మెట్లన్నీ ఎక్కకుండా నేరుగా అక్కడికి వెళ్తే తీసుకోరు. ఆ మెట్లు ఎక్కావని చూపించేది నీ దగ్గరున్న ముద్రలే. ఆ 15 రోజులూ నిర్ణయం నీ చేతికందిన రోజు నుంచి లెక్క. అందిన కవరు పారేయకు.

ఇంకో దారి కూడా పక్కనే నడిపించు. సమాచార హక్కు చట్టం కింద యూనివర్సిటీ పౌర సమాచార అధికారికి 10 రూపాయల పోస్టల్ ఆర్డరుతో దరఖాస్తు పెట్టు. నీ నంబరున్న డి-ఫారం పేజీ నకలు, నీ జవాబు పత్రం నకలు, నీ దరఖాస్తు మీద ఏ చర్య తీసుకున్నారో ఆ నోట్ ఫైలు నకలు అడుగు. డి-ఫారంలో వేరేవాళ్ళ సంతకాలున్నాయి, ఇవ్వం అంటారేమో. 'మిగతా వరసలు కప్పేసి నా వరస మాత్రం ఇచ్చినా చాలు' అని ముందే రాసెయ్. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోతే అదే ఆఫీసులోని పై అధికారికి మొదటి అప్పీలు. నీ సంతకం ఉన్న ఆ ఒక్క వరస బయటికొస్తే ఇక నీతో వాదించేవాళ్ళుండరు.

ప్రశ్న: మేడమ్, నేను ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. ఎం-3 (మ్యాథ్స్ మూడో పేపరు)లో 19 మార్కులు వచ్చాయి. కచ్చితంగా 45 దాటాలి. రీవాల్యుయేషన్‌కి కట్టాను, 'నో చేంజ్' వచ్చింది. అంబుడ్స్‌పర్సన్‌కి అప్పీలు చేస్తే మార్కులు వేయిస్తారా? కన్జ్యూమర్ కోర్టుకి వెళ్ళమని ఒక సీనియర్ అన్నాడు.

జవాబు: నాయనా, కన్జ్యూమర్ కోర్టు సంగతి మర్చిపో. పరీక్ష పెట్టడం, ఫలితాలివ్వడం డబ్బుకి అమ్మే సేవ కాదని బిహార్ పరీక్షల బోర్డు కేసులో సుప్రీంకోర్టు 2009లోనే చెప్పింది.

అంబుడ్స్‌పర్సన్ కూడా 'నాకు ఎక్కువ రావాలి' అన్నంత మాత్రాన పేపరు మళ్ళీ దిద్దించరు. ఫలితాన్ని మార్చేంత నిర్దిష్టమైన అవకతవక, లేదా వివక్ష ఇదిగో అని చూపిస్తేనే తీసుకుంటారు. నిబంధనలో ఉన్న మాటే అది. కాబట్టి ముందు నీ పేపరు నీ కళ్ళతో చూడాలి. దిద్దిన జవాబు పత్రం చూసుకునే, నకలు తీసుకునే హక్కు విద్యార్థికుందని 2011 ఆగస్టులో సీబీఎస్‌ఈ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. మీ యూనివర్సిటీలో ఫొటోకాపీకి విడిగా నోటిఫికేషన్ ఉంటే అలా కట్టు, లేదంటే సమాచార హక్కు కింద అడుగు. ఎప్పటిదాకా దాస్తారో తెలీదు కాబట్టి ఆలస్యం చేయొద్దు. జవాబు పత్రాలు కొంతకాలానికి పాత కాగితాలకింద వేసేస్తారు.

చేతికొచ్చాక 'ఈ జవాబుకి ఆరు కాదు, ఎనిమిది రావాలి' అని కూర్చోకు. అది ఎగ్జామినర్ విచక్షణ, దాని మీద ఎవరూ గెలవరు. నాలుగే చూడు. దిద్దకుండా వదిలేసిన జవాబు ఉందా, లోపల వేసిన మార్కులు పై పట్టికలోకి ఎక్కాయా, కూడిక సరిపోయిందా, చివరి పేజీల్లో నువ్వు కొనసాగించిన జవాబు ఎగ్జామినర్ కంట పడిందా. మన దగ్గర 2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో ఒకమ్మాయికి తెలుగులో సున్నా వేశారు. మళ్ళీ చూస్తే 99. అంత తేడా తెలివితేటల్లో రాదు, గడి నింపడంలో వస్తుంది. అలాంటిదేదైనా దొరికితే పేజీ నంబరుతో సహా కమిటీకి రాయి. దొరక్కపోతే, మనసు కష్టపెట్టుకోకుండా మళ్ళీ చదువు. దిద్దినవాళ్ళది తప్పనీ, నీది తప్పనీ అనుకోవాల్సిన పనిలేదు. ఎం-3లో ఒక దఫా ఆగినవాళ్ళు మంచి ఇంజినీర్లయ్యారు, నేను వాళ్ళ మెమోలు రాశాను.

ప్రశ్న: మాది నల్గొండ జిల్లా. అబ్బాయి బీటెక్ పూర్తయింది. ఫీజు రీయింబర్స్‌మెంట్ రెండేళ్ళది రాలేదు కాబట్టి ఆ 70 వేలు మీరే కడితే గానీ ఒరిజినల్స్ ఇవ్వం అంటున్నారు కాలేజీవాళ్ళు. ఇంటర్ మెమో, టీసీ కూడా వాళ్ళ దగ్గరే ఉన్నాయి. కంపెనీ వాళ్ళు 20 రోజులు గడువిచ్చారు. వడ్డీకి తెచ్చి కట్టమంటారా?

జవాబు: అయ్యా, మీలాంటి తండ్రుల ఉత్తరాలు ఈ నెల ఐదొచ్చాయి. రెండు రాష్ట్రాల నుంచీ వచ్చాయి. చదువుతుంటే కడుపు మండింది. ప్రభుత్వం కాలేజీకి ఇవ్వాల్సిన బాకీకి మీ అబ్బాయి ఇంటర్ మెమో తాకట్టు ఎలా అవుతుంది?

2018 అక్టోబరులో యూజీసీ ఇచ్చిన నోటిఫికేషన్ చాలా స్పష్టంగా ఉంది. అడ్మిషన్ సమయంలో ఒరిజినల్స్ విద్యార్థి ఎదుటే చూసి, అక్కడికక్కడే తిరిగిచ్చేయాలి. కాలేజీ ఉంచుకోవాల్సింది అతను సంతకం పెట్టిన నకళ్ళు మాత్రమే. ఇప్పుడు చేరే పిల్లల తల్లిదండ్రులు ఈ మాట చెవినేసుకోండి. చేరేరోజు ఇచ్చేసి, వెళ్ళేరోజు అడిగితే ఇంత కష్టం. తప్పనిసరై ఇస్తే ఏవేం ఇచ్చారో జాబితా రాయించి సంతకం తీసుకోండి.

ఇప్పుడు మీ పని. ప్రిన్సిపాల్‌కి అబ్బాయి చేత రాయించండి, అతను మేజర్, సర్టిఫికెట్లు అతనివి. ఏయే సర్టిఫికెట్లు, వాటి నంబర్లేమిటి, ఉద్యోగంలో చేరాల్సిన తేదీ ఎప్పుడు అన్నీ రాసి ఆఫర్ లెటర్ నకలు జతచేయండి. ఒక మాట తప్పకుండా రాయించండి: 'ఫీజు బాకీ కారణంగా ఇవ్వడం లేదంటే ఆ మాట రాతపూర్వకంగా తెలియజేయగలరు.' నోటితో ధైర్యంగా చెప్పేవాళ్ళు లెటర్‌హెడ్ మీద ఆ వాక్యం రాయడానికి వెనకాడతారు. చాలా కేసులు అక్కడే తెగుతాయి. నకళ్ళు యూనివర్సిటీ రిజిస్ట్రారుకి, ఉన్నత విద్యామండలికి పంపండి. ఫిర్యాదుల కమిటీకీ ఇవ్వండి. ఇంత తక్కువ గడువులో కమిటీ ఒక్కదాన్నే నమ్ముకుని కూర్చోకండి.

కదలకపోతే హైకోర్టులో రిట్ వేయొచ్చు, ఇలాంటి కేసులతో వెళ్ళిన పిల్లలున్నారు. లాయరు ఫీజుకి భయపడొద్దు. ఎస్సీ, ఎస్టీలకి, మహిళలకి, వికలాంగులకి, ఆదాయం పరిమితిలోపు ఉన్నవాళ్ళకి న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్నిస్తుంది. జిల్లా కోర్టు ఆవరణలోనే వాళ్ళ ఆఫీసుంటుంది, 15100కి ఫోన్ చేసినా చెప్తారు. కంపెనీ హెచ్‌ఆర్ వాళ్ళకి కూడా ఈ ఉత్తరం నకలు పంపి కొంత గడువు అడగమనండి. అబ్బాయి సర్టిఫికెట్ల కోసం పోరాడుతున్నాడని కాగితం మీద కనిపిస్తే చాలామంది ఆగుతారు.

వడ్డీకి తేవడం అన్నది మీ ఇంటి నిర్ణయం. తప్పనిసరై కడితే మాత్రం 'రీయింబర్స్‌మెంట్ వచ్చాక తిరిగి చెల్లించే షరతుపై' అని రసీదు మీద రాయించుకోండి. అది లేకుండా ఒక్క రూపాయి ఇవ్వకండి.

ప్రశ్న: పేరు వద్దు, ఊరు వద్దు. మా డిపార్ట్‌మెంట్‌లో ఒక సార్ రాత్రిపూట మెసేజీలు పెడుతున్నారు. జవాబివ్వకపోతే ఇంటర్నల్స్ గుర్తు చేస్తున్నారు. ప్రాజెక్టు గైడ్ కూడా ఆయనే. కంప్లైంట్ ఇస్తే నా డిగ్రీ పోతుందని భయం.

జవాబు: తల్లీ, ముందు ఆ మెసేజీలు ఒక్కటి కూడా డిలీట్ చేయకు. తేదీ, టైము కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి నీ ఫోను కాక ఇంకోచోట కూడా దాచు.

ఇది నేను పైన చెప్పిన ఫిర్యాదుల కమిటీకి వెళ్ళే విషయం కాదు. దీనికి విడిగా అంతర్గత కమిటీ ఉంటుంది. కాలేజీల్లో ఐసీసీ అంటారు. మహిళ అధ్యక్షురాలు, బయటి సభ్యులు ఉంటారు. జరిగిన మూడు నెలల్లోపు రాసివ్వాలి, వరసగా జరుగుతుంటే చివరిసారి జరిగినప్పటి నుంచి లెక్క. తగిన కారణముంటే ఇంకో మూడు నెలలు పొడిగిస్తారు. విచారణ 90 రోజుల్లో ముగియాలి. నీ పేరు బయటపెట్టకూడదు.

నీ భయానికి నేరుగా జవాబు 2015 యూజీసీ నిబంధనల్లో ఉంది. విచారణ నడుస్తుండగా ఆ వ్యక్తి నీ పరీక్షలు, ప్రాజెక్టు దిద్దకుండా ఆపమని కమిటీ సిఫారసు చేయొచ్చు. ఫిర్యాదు చివర ఆ కోరిక నువ్వే స్పష్టంగా రాయి: 'విచారణ పూర్తయ్యేదాకా నా ప్రాజెక్టు గైడ్‌ని మార్చగలరు, నా ఇంటర్నల్స్ వేరే అధ్యాపకులు వేయగలరు.' ఇప్పటిదాకా నీకొచ్చిన ఇంటర్నల్ మార్కుల ఫొటో ఈరోజే తీసి పెట్టుకో. తర్వాత మార్కులు పడిపోతే తేడా చూపించడానికి అదే ఆధారం. నమ్మకమున్న ఒక మేడమ్‌కో, ఇంట్లో అక్కకో చెప్పు. ఒక్కదానివే మోయకు. పత్రిక ఆఫీసు ద్వారా నాకు మళ్ళీ రాయి, ఫిర్యాదు చిత్తుప్రతి నేను చూసిపెడతాను.

ప్రశ్న: ఆంటీ, నేను ఇంగ్లండ్‌లో ఎంఎస్సీ చేస్తున్నాను, మాది విజయవాడ. డిసర్టేషన్ రాసే సమయంలో అమ్మమ్మ పోయింది. నేను ఎవరికీ చెప్పకుండా సబ్మిట్ చేశాను, ఫెయిలయ్యాను. అప్పీలు చేస్తే వీసాకి ఇబ్బందా?

జవాబు: బాబూ, మా ఆఫీసు పద్ధతులు నాకు తెలిసినంతగా అక్కడివి తెలియవు. తెలిసినంతవరకు చెప్తాను. అక్కడ కూడా మార్కు తక్కువేశారన్న అప్పీలు నిలవదు, దాన్ని అకడమిక్ జడ్జిమెంట్ అంటారు. నీ పరిస్థితిని పరిగణించలేదన్నది నిలిచే అవకాశముంది. మరి అప్పుడే ఎందుకు చెప్పలేదని తప్పకుండా అడుగుతారు. దానికి నిజమైన జవాబు, మరణ ధ్రువీకరణ పత్రం ఇంగ్లీషు ప్రతి సిద్ధం చేసుకో. మున్సిపాలిటీలో తీసుకుని పంపమని ఇంట్లో చెప్పు. అప్పీలు గడువు మీ యూనివర్సిటీ నియమావళిలో ఉంటుంది, సాధారణంగా చాలా తక్కువ. స్టూడెంట్స్ యూనియన్‌లో సలహా ఇచ్చేవాళ్ళుంటారు, వాళ్ళ దగ్గరికి ఈరోజే వెళ్ళు.

యూనివర్సిటీలో అన్ని మెట్లూ అయ్యాక 'కంప్లీషన్ ఆఫ్ ప్రొసీజర్స్' అనే లెటర్ ఇస్తారు. ఆ లెటర్ మీదున్న తేదీ నుంచి 12 నెలల్లోపు ఓఐఏ అనే స్వతంత్ర సంస్థకి ఫిర్యాదు చేయొచ్చు. ఇంగ్లండ్, వేల్స్ విద్యార్థులందరికీ, విదేశీయులకి కూడా, ఉచితం. వీసా సంగతి మాత్రం యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసులో రాతపూర్వకంగా అడుగు. రూమ్‌మేట్ల మాటలు, కన్సల్టెన్సీ మాటలు పట్టుకోవద్దు.

ప్రశ్న: మేడమ్ గారూ, బీటెక్ రెండో సంవత్సరం. పరీక్ష హాల్లో స్క్వాడ్ వచ్చినప్పుడు నా ప్యాడ్ కింద చిన్న చీటీ దొరికింది. అది నాదే. పొద్దున బస్సులో చదువుకుంటూ జేబులో పెట్టుకున్నది. భయంతో ప్యాడ్ కింద పెట్టాను, చూసి రాయలేదు. ఒక కాగితం మీద సంతకం పెట్టమన్నారు, చదవకుండానే పెట్టేశాను. రిజల్ట్ విత్‌హెల్డ్‌లో ఉంది. కమిటీ ముందుకి రమ్మని లెటర్ వచ్చింది. ఇంట్లో చెప్పలేదు.

జవాబు: నాయనా, నీ గడువు చూసి, ఉత్తరం అందిన రోజే విడిగా జవాబు పంపాను. నీలాంటి వాళ్ళు ఇంకా ఉంటారు కాబట్టి ఇక్కడ కూడా రాస్తున్నాను.

చీటీ నాదేనని నువ్వు రాశావు. ఆ ఒక్క మాట వల్లే నీకు ఎక్కువ రాయాలనిపించింది. కమిటీ ముందు కూడా అదే చెప్పు. ఎవరో విసిరారనీ, బెంచీ కింద ముందే ఉందనీ చెప్పేవాళ్ళని ఆ సభ్యులు రోజుకి ఇరవైమందిని చూస్తారు. చేతిరాత పక్కన పెట్టి చూస్తే నిమిషంలో తెలిసిపోతుంది.

కానీ నిజమంతా చెప్పు, సగం కాదు. జేఎన్‌టీయూ మాల్‌ప్రాక్టీస్ నియమాల్లో రెండు వేర్వేరు తప్పులున్నాయి. సబ్జెక్టుకి సంబంధించిన కాగితం దగ్గర ఉండి, దాన్ని వాడుకోకపోతే ఆ ఒక్క సబ్జెక్టు రద్దు. చూసి రాస్తే ఆ సబ్జెక్టుతో పాటు ఆ సెమిస్టర్‌లో అప్పటిదాకా రాసినవన్నీ, ల్యాబులు, ప్రాజెక్టుతో సహా రద్దు, మిగిలినవి రాయనివ్వరు. 'దగ్గర ఉంది' అన్న మాటకీ 'చూసి రాశాడు' అన్న మాటకీ మధ్య ఒక సెమిస్టర్ ఉంది. నువ్వు చదవకుండా సంతకం పెట్టిన కాగితంలో ఈ రెంటిలో ఏది రాసి ఉందో నీకు తెలియదు. అదే ఇప్పుడు ముందు తెలుసుకోవాల్సింది. మీ యూనివర్సిటీ వేరైతే దాని నియమావళి తీసి ఇదే తేడా వెతుకు, దాదాపు అన్నిచోట్లా ఉంటుంది.

కమిటీకి ముందే ఒక ఉత్తరం ఇవ్వు. 'ఇన్విజిలేటర్ రిపోర్టు నకలు, నేను సంతకం చేసిన కాగితం నకలు, దొరికిన చీటీ, నా జవాబు పత్రం చూపించండి' అని అడుగు. నీ జవాబు పత్రమే నీకు సాక్షి. చీటీలో ఉన్న సూత్రాలు, బొమ్మలు నీ పేపర్లో ఎక్కడా లేకపోతే, లేదా వేరే పద్ధతిలో ఉంటే, 'వాడలేదు' అన్నమాటకి అంతకన్నా రుజువు ఏం కావాలి? పక్కపక్కన పెట్టి చూడమని కమిటీని మర్యాదగా కోరు. మా దగ్గర అలా చూసి శిక్ష తగ్గించిన కేసుల నోట్లు నేనే టైపు చేయించాను.

నీ మాట వినకుండా శిక్ష వేసే అధికారం వాళ్ళకి లేదు. 1962లో సుప్రీంకోర్టు ఉత్తరప్రదేశ్ ఇంటర్ బోర్డు కేసులో ఇదే చెప్పింది. అక్కడ ముగ్గురు విద్యార్థుల ఫలితాలు వాళ్ళనొక్క ముక్క అడగకుండానే రద్దు చేశారు. పరీక్షల కమిటీ ఒకరి భవిష్యత్తు తేలుస్తోంది కాబట్టి, ఆరోపణ ఏమిటో చెప్పి, సంజాయిషీ విని తీరాలన్నారు. ఒక సెంటర్ మొత్తంలో మూకుమ్మడిగా కాపీ జరిగితే ఒక్కొక్కరిని విచారించక్కర్లేదని 1970లో బిహార్ కేసులో అన్నారు గానీ, నీది ఆ కోవ కాదు.

కమిటీ ఆర్డరు కాగితం మీద, కారణాలతో అడుగు. అన్యాయమనిపిస్తే వైస్ ఛాన్సలర్‌కి అప్పీలు ఉందేమో మీ నియమాల్లో చూసుకో. ఆ పైన ఎస్‌జీఆర్‌సీ, అంబుడ్స్‌పర్సన్. ఒక సబ్జెక్టు రద్దుతో ఆగితే అప్పీలు చేయకు, అది నియమంలో ఉన్న శిక్షే. సప్లీలో రాసి పాసవ్వు.

వెళ్ళేరోజు హాల్ టికెట్, ఐడీ కార్డు, పిలుపు లెటరు, నీ ఉత్తరం మూడు ప్రతులు పట్టుకెళ్ళు. పదింటికి రమ్మంటే తొమ్మిదిన్నరకి అక్కడుండు. ఆ గది బయట బెంచీల మీద ఒంటరిగా కూర్చున్న పిల్లల్ని ఏళ్ళతరబడి చూశాను. అమ్మో నాన్నో పక్కనున్న పిల్లాడు లోపలికి వెళ్ళి తిన్నగా మాట్లాడతాడు. ఒంటరిగా వచ్చినవాడు ఏమడిగినా ఊ అని సంతకం పెట్టేస్తాడు, హాల్లో నువ్వు పెట్టినట్టే. ఈ రాత్రి అన్నం తిన్నాక ఇంట్లో చెప్పు. నాన్నకి కోపమొస్తే రానీ. మర్నాడు నీతో బస్సెక్కేది ఆయనే.